గోడ మీద తెల్ల మచ్చ

"నువ్వొస్తావా, నన్నే పొమ్మంటావా?" అంది అమ్మ ఫోన్లో. పలకరింపు లేదు, పాడూ లేదు. "మన రంగులన్నకి బేడీలు వేసి గోడ ముందు నిలబెట్టాడు నీ మరిది. నువ్వు రాకపోతే చెప్పు, చాప చంకన పెట్టుకుని నేనే వెళ్ళి ఆ స్టేషన్ ముందు కూర్చుంటాను."

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. అన్నంత పనీ చేస్తుంది. ఆరా అక్క చేతిలో ఉన్న కాఫీ కప్పు అలాగే పెట్టేసి ఆటో ఎక్కింది.

ఆరా అక్క అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో ప్రమాదాల విచారణ చేసి, ఆ పైన సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పాలవాడు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినా ఎందుకని ఆరా తీస్తుందని పక్కింటివాళ్ళు పెట్టిన పేరది. ఆమె నొచ్చుకోలేదు సరికదా, ఆఫీసు బోర్డు మీద కూడా అదే రాయించింది. ఆ బోర్డు రాసింది కూడా రంగులన్నే.

రెండేళ్ళ కిందట అమ్మ ఉండే ఆరు అంతస్తుల భవనంలో మెట్ల దారి అంటుకుంది. పక్క భవనం మీద బోర్డు రాసుకుంటున్న రంగులన్న పొగ చూసి పిట్టగోడ దూకి వచ్చాడు. ఆరో అంతస్తులో చిక్కుకున్న అమ్మనీ, చంటిపిల్లతో ఉన్న ఇంకో జంటనీ డాబా మీదికి లాగి బతికించాడు. మెట్ల మీద ఇద్దరు మాత్రం ఊపిరాడక పోయారు. అప్పటినుంచీ ఆ మనిషి ఎదురైతే ఆరా అక్క రెండు చేతులూ వాటంతటవే దగ్గరికొస్తాయి. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆమెని పీకింది కూడా అదే. ఇంత రుణపడిన మనిషి విషయంలో తన కళ్ళు తనకి నిజం చెబుతాయా?

అమ్మ ఉండే భవనం ముందు దిగేసరికి మూడూ పది.

"రండి వదినా రండి! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆరా అక్క భర్తకి స్వయానా తమ్ముడు. మనిషి నిజాయితీపరుడే, తెలివైనవాడే. ఏ కేసైనా మూడు రోజుల్లో ముగించేయాలన్న తొందర ఒక్కటే అతనికున్న జబ్బు. "అత్తయ్యగారు ఫోన్ చేశారా?"

"చాప దులుపుతోంది. త్వరగా చెప్పు, అసలేం జరిగింది?"

"జరిగింది చాలా సింపుల్. ఐదింటికి ఇతన్ని కోర్టుకి తీసుకెళ్తున్నా. ఈలోగా మీ సరదా ఎందుకు కాదనాలి?"

అతను చెప్పిన కథ ఇదీ. అగ్నిప్రమాదం రోజు సాయం చేసినవాళ్ళందరి ముఖాలతో ఆ భవనం పక్క గోడ మీద, నేల నుంచి డాబా దాకా, పెద్ద బొమ్మ వేయించాలని రెండో అంతస్తులో ఉండే టీచరమ్మ సంకల్పించింది. ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది. పని రంగులన్నకి అప్పజెప్పింది. ఆదివారం భవనంలోవాళ్ళంతా పరంజా ఎక్కి ఖాళీ గోడ మీద బొగ్గుతో ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. నిన్న, సోమవారం, ఒంటిగంటకి పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. ఒంటిగంట నలభైకి తిరిగి వచ్చేసరికి టీచరమ్మ పరంజా కింద తలకి దెబ్బ తగిలి స్పృహ లేకుండా పడి ఉంది. పరంజా రెండో వరస చెక్కకి ఎదురుగా గోడ మీద రాతల మధ్య ఎవరో తెల్ల రంగు కొట్టేశారు. రెండూ ఐదుకి ఇన్‌స్పెక్టర్ వేలు పెట్టి చూస్తే ఇంకా తడిగానే ఉంది.

"నిన్న పొద్దున పదిన్నరకి ఇద్దరూ గట్టిగా గొడవపడ్డారు. పదిమంది విన్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అందరి మధ్యలో, కింద నుంచి బాగా కనబడే చోట ఇతని బొమ్మ ఉండాలని ఆవిడ. నా మొహం నేను వేసుకోను, వద్దంటే వద్దని ఇతను. ఆ మొహం రావలసింది సరిగ్గా ఆ తెల్ల మచ్చ ఉన్న చోట. కోపంలో రంగు కొట్టేశాడు. ఆవిడ అడ్డం వచ్చింది. తోసేశాడు. రంగు ఇతని డబ్బాలోది, బ్రష్ ఇతనిది. ఆ టైములో ఎక్కడున్నావంటే వెనక పంపు దగ్గర బ్రష్‌లు కడుగుతున్నా అంటాడు. చూసినవాడు లేడు. ఇంకేం కావాలి వదినా?"

కథ అతుకులు లేకుండా ఉంది.

"టీచరమ్మ ఎలా ఉంది?"

"ఇంకా కళ్ళు తెరవలేదు. రెండు రోజులు ఆగాలంటున్నారు డాక్టర్లు."

రంగులన్న కానిస్టేబుల్ పక్కన, ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. బేడీలున్న చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆరా అక్కని చూడగానే లేచి నిలబడ్డాడు.

"అమ్మ బాగుందా అక్కా?" అన్నాడు.

ఆమె రెండు క్షణాలు నోటుపుస్తకం వెతుక్కుంటున్నట్టు సంచీలో తల పెట్టి, ఆ పైన కటువుగానే మొదలుపెట్టింది.

"అమ్మ సంగతి తర్వాత. టీచరమ్మతో గొడవ నిజమేనా?"

"నిజమే. గొడవంటే గొడవే. ఆవిడ వినదు, నేను వినను. నలుగురి మొహాలూ వేసే చేత్తో మధ్యలో నా మొహమే వేసుకుంటే ఏం బాగుంటుందక్కా? సిగ్గు కదూ!"

"నిన్న ఒంటిగంట నుంచి ఒంటిగంట నలభై దాకా?"

"ఒంటిగంటకి తిన్నా. ఒంటిగంట ఇరవైకి బ్రష్‌లు పట్టుకుని పంపు దగ్గరికి పోయా. కేకలు విని పరిగెత్తుకొచ్చా."

"ఆ మచ్చ నువ్వు కొట్టలేదంటావు. ఎవరు నమ్ముతారు?"

రంగులన్న ముఖం మొదటిసారి ఎర్రబడింది. "బొమ్మలు వేసేవాడెవడైనా నమ్ముతాడక్కా! ఆ రాతలే లేకపోతే నాకు ఈ గోడ మీద దారే తెలీదు."

"అర్థమయ్యేట్టు చెప్పు."

"చిన్న బొమ్మయితే గళ్ళు గీసి వేస్తాం. ఇంత గోడకి గళ్ళెవరు గీస్తారు? అందుకని ముందు గోడ నిండా పిచ్చిగీతలు గీస్తాం. దూరంగా నిలబడి ఫొటో తీస్తాం. ఫోన్లో ఆ ఫొటో మీద బొమ్మని పరుచుకుంటాం. ఇదిగో, ఈ అక్షరం తోక మీదుగా ముక్కు, ఆ సున్నా పక్కన చెవి, అని చూసుకుంటూ వేసుకుపోతాం. పిచ్చిగీతలెందుకు, ఎలాగూ రాయాలి కదా, సాయం చేసినవాళ్ళకి తలా రెండు ముక్కలు రాద్దాం అంది టీచరమ్మ. పైకి ఎక్కలేనివాళ్ళు చెబితే వాళ్ళ బదులు తనే రాసింది. ఆదివారం పన్నెండింటికి ఫొటో తీశా. అందులో ఒక్క రాత చెరిపినా అక్కడ మళ్ళీ తడుముకోవాలి. నా కళ్ళు నేనే పొడుచుకుంటానా?"

"బొమ్మ వేశాక ఈ రాతలేమవుతాయి?"

"రంగు కిందకి పోతాయి. శుక్రవారానికల్లా ఒక్కటీ కనబడదు."

ఆరా అక్క రాసుకోవడం ఆపి తలెత్తి చూసింది. ఇంకేమీ అడగకుండా చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కింది.

"వదినా, జాగ్రత్త! ఆ వయసులో..." అన్నాడు కింద నుంచి ఇన్‌స్పెక్టర్.

"నా వయసు సంగతి మీ అన్నయ్యే ఎత్తడు, నీకెందుకు?"

రెండో వరస నేలకి పన్నెండడుగుల ఎత్తు. అక్కడినుంచి గోడ చదువుతూ నడిచింది. 'నీళ్ళ ట్యాంకర్ డ్రైవరుకి. ఏడు ట్రిప్పులు వేశావు, ఒక్కసారీ విసుక్కోలేదు. మూడు-ఏ.' 'లిఫ్ట్ ఎక్కొద్దని గొంతు పోయేలా అరిచిన మెకానిక్కి. నీ గొంతు వల్లే మేమున్నాం. నాలుగు-సి.' 'మా నాన్న చెయ్యి వదలని నర్సమ్మకి, దండాలు. ఒకటి-బి.' ఎవరి ఇంటి నంబరు వాళ్ళు కింద వేసుకున్నారు. కొన్నింట్లో అక్షరదోషాలున్నాయి. ఒకాయన రెండు మాటలు రాసి ఇక రాయలేక వదిలేశాడు. పని మీద వచ్చిన మనిషి, కొంగుతో కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

తెల్ల మచ్చ రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. పైన పూత పలచన. కింద మాత్రం దట్టంగా, రెండు మూడుసార్లు రుద్దినట్టుంది. బొగ్గు ఎక్కడా పైకి తేలలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చెక్కని చూసింది. మచ్చకి ఎదురుగా, చెక్క అంచున, తెల్ల రంగులో సగం బూటు ముద్ర. అడుగున అడ్డగీతలున్న బూటు.

"ఇదేమిటి?"

"చూశా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆదివారం పాతికమంది ఎక్కారు. ఎవరిదో."

"ఆదివారం ఎవరూ చెప్పులతో ఎక్కలేదు" అన్నాడు రంగులన్న. "చెక్క జారుతుంది. నేను ఎక్కనివ్వను."

"నిన్న నువ్వు తీయించిన ఫొటోల్లో టీచరమ్మ చెప్పులు ఎక్కడున్నాయి?" అంది ఆరా అక్క.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తిప్పాడు. నిచ్చెన మొదట్లో, జతగా, ముందు భాగం నిచ్చెన వైపు.

"విప్పి ఎక్కిందన్నమాట. పనివాళ్ళు లేని వేళ ఊరికే ఎక్కదు. అంటే ఆవిడ ఎక్కేసరికే పైన ఎవడో ఉన్నాడు. ఇక్కడి పద్ధతి తెలియనివాడు, బూట్లతో ఎక్కినవాడు."

"లేదా కోపంలో పద్ధతి మరిచిపోయినవాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తన మాట పడనివ్వడు.

ఆమె కిందికి దిగుతుంటే భవనం సెక్రటరీ ఎదురొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, చొక్కా మడత నలగదు, మాట మెత్తన. ఆరు-ఏలో, అమ్మ ఇంటి ఎదురు వాటాలోనే ఉంటాడు. కాళ్ళకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులున్నాయి.

"ఎంత ఘోరమమ్మా! టీచరమ్మ మా ఇంట్లో మనిషి లాంటిది."

"మీరు నిన్న ఇక్కడే ఉన్నారా?"

"శనివారం మా అమ్మాయి ఇంటికి వెళ్ళి నిన్న పన్నెండున్నరకి వచ్చాను. ప్రయాణం బడలిక. నేరుగా పైకి పోయి పడుకున్నాను. ఇప్పటిదాకా ఈ గోడ వంక తలెత్తి చూడనైనా లేదు."

"మీ అనుమతితోనే కదా ఈ పని?"

"బొమ్మకి సరేనన్నానమ్మా. ఈ రాతలకి కాదు." మెత్తని గొంతులో చిన్న రాయి తగిలింది. "ఇంతింత అక్షరాలు! రేపు దారిన పోయే ప్రతివాడూ నిలబడి చదువుకోవాలా? మా మనవలు పెద్దయ్యాక కూడా ఇవే చూడాలా? ఆ చేదు రోజుని ఇలా శాశ్వతంగా గోడకెక్కించడం ఏం మర్యాద?"

"పోయినవాళ్ళిద్దరూ మీ అంతస్తువాళ్ళేగా?"

"పక్క వాటా దంపతులు. నేనా రోజు ఇంట్లో లేను. డాబా తలుపు బార్లా తెరిచే ఉంది పాపం, ఆ మాటే విచారణలోనూ చెప్పాను. కంగారులో కిందికి పరిగెత్తారు. రాత." నిట్టూర్చి, చేతులు జోడించి, లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. ఆరా అక్క గడియారం చూసింది. మూడూ నలభై ఎనిమిది.

ఇన్‌స్పెక్టర్ జీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "అయిందా? ఇక బయల్దేరతాం."

"రంగులన్న ఫోన్ నీ దగ్గరుంది కదా. తెరిపించు. ఆదివారం తీసిన ఫొటో చూడాలి."

"సీలు వేశాను. ల్యాబ్‌కి వెళ్ళాలి."

"ల్యాబ్‌వాళ్ళు నెల తర్వాత చెప్పేది ఇప్పుడే చూద్దాం. ఆయన చేతే తెరిపించు, ఇద్దరు సాక్షులని పెట్టుకో, రాసుకో."

"వదినా, ఒక్క మాట అంటాను, తిట్టుకోకండి." అతను గొంతు తగ్గించాడు. "ఇతను మీ అమ్మగారిని కాపాడాడు. అందుకే మీరు వదల్లేకపోతున్నారు. కాదనండి."

"కాదనను." ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "రోజూ పొద్దున్నే అమ్మ చేత తిట్లు తింటున్నానంటే అతని చలవే. అందుకే మామూలుకన్నా రెండింతలు అనుమానించి చూశాను. అతనే చేసుంటే నేనే నీకు అప్పగించేదాన్ని. ఆ తర్వాత ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. ఇప్పుడు నువ్వు చెప్పు. శుక్రవారానికి ఎలాగూ రంగు కింద కప్పబడిపోయే రాతని సోమవారం మిట్టమధ్యాహ్నం ఎవడైనా పనిగట్టుకుని ఎందుకు చెరుపుతాడు?"

ఇన్‌స్పెక్టర్ తలెత్తి గోడ వైపు చూశాడు.

"కప్పబడిపోతుందని తెలియనివాడు చెరుపుతాడు" అంది ఆమె. "ఆ రాతలే చివరిదాకా గోడ మీద ఉంటాయనుకున్నవాడు. ఫొటో తీశారని కూడా తెలియనివాడు. ఆదివారం ఇక్కడున్న పసిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు. రంగులన్న అందరికీ చెప్పే రాయించాడు. ఆదివారం లేనివాడెవడు? ఇందాక నీ ముందే నన్నడిగాడు, మనవలు పెద్దయ్యాక కూడా ఇవే చూడాలా అని. గోడ వంక తలెత్తి చూడనైనా లేదన్న మనిషి అక్షరాల కొలత కూడా చెప్పాడు."

ఇన్‌స్పెక్టర్ జీపులోంచి ఫోన్ ఉన్న కవరు తీసి, వాచ్‌మన్‌నీ, లిఫ్ట్ మెకానిక్‌నీ పిలిచి, వాళ్ళ ముందు సీలు చించాడు. అతనిలో ఆరా అక్కకి నచ్చేది ఇదే. తప్పని తోస్తే తన అహాన్ని తనే పక్కకి నెడతాడు.

రంగులన్న బేడీల చేతుల్తోనే ఫోన్ తెరిచాడు. ఆదివారం పన్నెండు గంటల రెండు నిమిషాల ఫొటో. రెండు వేళ్ళతో రెండో వరస మధ్య భాగం పెద్దది చేశాడు. టీచరమ్మ గుండ్రటి అక్షరాలు. చదివి అతను తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసుకుని పైకి చదివాడు.

"'తాళం వేసిన డాబా తలుపుని అవతలి నుంచి గడ్డపారతో పెకలించి మమ్మల్ని బయటికి లాగిన రంగుల నాయనకి. నీ ఇల్లు చల్లగుండాలి. నువ్వు ఇంకో నిమిషం ముందొచ్చుంటే పక్కింటివాళ్ళు కూడా బతికేవాళ్ళని నువ్వు ఏడ్చావు. అది నీ తప్పు కాదయ్యా.'"

అతను ఫోన్ దించి రంగులన్న వైపు తిరిగాడు.

"తాళం వేసి ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పెద్ద తాళమండీ, మెట్ల వైపు. డాబా మీద పిల్లలు గెంతితే తన నెత్తిన మోత అని సెక్రటరీ గారు వేయించారంట. నేను బందులు పెకలించా." అన్నాడు రంగులన్న. "పోయినవాళ్ళిద్దరూ తలుపు దాకా వచ్చి, అది తెరుచుకోక, మళ్ళీ కిందికి తిరిగారు. మర్నాటికే కొత్త తలుపు పెట్టేశారు. అందరికీ తెలిసిందేగా అనుకున్నా. నన్నెవరూ ఏమీ అడగలేదు."

అడగలేదు. పాలవాణ్ణీ, పేపరువాణ్ణీ ఆరా తీసే మనిషి, ఆ రోజు ఏం జరిగిందని కన్నతల్లిని ఒక్కసారీ అడగలేదు. గుర్తుచేస్తే అమ్మ బాధపడుతుందని. రెండు చావులకి కారణమైన తాళం రెండేళ్ళుగా అమ్మ నోట్లోనే ఉంది. ఆ తల్లికి తెలిసిందల్లా బతికించినవాడికి దండం పెట్టడమే.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు తనే విప్పాడు. "నన్ను క్షమించు అన్నా" అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

రంగులన్న మణికట్లు రుద్దుకుంటూ ఆరా అక్క వైపు తిరిగి నమస్కారం పెట్టబోయాడు. ఆమె ఆ చేతులు రెండూ పట్టుకుని ఆపేసింది. "నువ్వు నాకు పెట్టేదేమిటి, చాల్లే!"

"వదినా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని చూపు మళ్ళీ ఫోన్ మీద ఉంది. "కింద ఇంటి నంబరుంది. ఆరు-బి."

ఆరు-బి అమ్మ ఇల్లు. ఆ నంబరు సెక్రటరీ కూడా చదివాడు. అంత దట్టంగా రుద్దింది ఆ కింది వరసనే.

ఆమె అమ్మకి ఫోన్ కలిపింది. నాలుగు రింగులు. ఐదు.

"ఆ, చెప్పవే" అంది అమ్మ, ఆయాసపడుతూ. "విడిపించావా మా నాయన్ని?"

"విడిపించానమ్మా. ఎక్కడున్నావ్? తలుపు గడియ వేసుకో. ఎవరొచ్చినా..."

"ఇంట్లో లేనే. మన సెక్రటరీ వచ్చాడు. గోడ మీద ఆ రెండు ముక్కలూ చెప్పి రాయించింది మీరేనా అన్నాడు. అవునన్నా. చాలా బాగా రాయించారు పిన్నిగారూ, రండి, పైనుంచి గోడ మొత్తం చూపిస్తా అన్నాడు. డాబా మీదికొచ్చాం. నాకు మోకాళ్ళు ఎక్కడ ఎక్కనిస్తాయి చెప్పు? పాపం, చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. మంచివాడేనే, మనమే ఏమేమో అనుకుంటాం. ఇదిగో, పిట్టగోడ దగ్గరికి రమ్మంటున్నాడు. ఉండు, మళ్ళీ చేస్తా."

"అమ్మా! అక్కడే ఆగు! అమ్మా!"

ఫోన్ కట్టయింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే మెట్ల వైపు పరిగెడుతున్నాడు. ఆరా అక్క తలెత్తి చూసింది. పరంజా మీద ఉత్త కాళ్ళతో, ఎవరూ చెప్పకుండానే, రంగులన్న మూడో వరస దాటి పైకి పోతున్నాడు.